వణుకుడు జబ్బు, మనసులో రంది

మా అక్షర కేంద్రం సికింద్రాబాదులో చిలకలగూడ దగ్గర ఒక బస్తీలో ఉంది. ఒకరోజు నేను అక్కలందరితో ఇలా చెప్పాను.

"రేపు వచ్చేటప్పుడు మీ ఇంట్లో ఉన్న గోలీల పట్టీలు తీసుకురండి. మందు పేరు, తేదీ ఎక్కడ ఉంటాయో చూద్దాం."

మరునాడు అందరూ తెచ్చారు. ఒక పెద్దమ్మ మాత్రం పట్టీ చేతిలో పట్టుకుని అలాగే కూర్చుంది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఏమైంది పెద్దమ్మా?" అని అడిగాను.

"లాక్‌డౌన్‌ల నాకు ఈ నాలుగు అక్షరాలు వచ్చుంటే మా ఇంటాయన అంత గోస పడకపోవు టీచరమ్మా" అంది.

ఆ రోజు పాఠం పక్కన పెట్టాం. ఆమె చెప్పింది. అందరం విన్నాం.

ఆ రోజులు గుర్తున్నాయా?

2020 మార్చి 22, ఆదివారం. ఆ రోజు జనతా కర్ఫ్యూ. మరునాటి నుంచి మన రాష్ట్రంలో లాక్‌డౌన్ పెట్టారు. మార్చి 25 నుంచి దేశమంతా పెట్టారు. కరోనా ఒకరి నుంచి ఒకరికి అంటకుండా ఉండాలని అందరినీ ఇంట్లోనే ఉండమన్నారు.

రాత్రీపగలూ మనుషులతో నిండి ఉండే సికింద్రాబాదు స్టేషను బోసిపోయింది. ప్రయాణికుల రైళ్లు ఆగాయి. సిటీ బస్సులు ఆగాయి. అవి మళ్లీ రోడ్డెక్కింది సెప్టెంబరు 25న. ఎమ్మెమ్టీఎస్ రైళ్లయితే 2021 జూన్ దాకా నడవలేదు. గాంధీ దవాఖానాను నెలల తరబడి కరోనా రోగులకే కేటాయించారు. 2021 మే 12 నుంచి జూన్ 19 దాకా మన రాష్ట్రంలో మళ్లీ లాక్‌డౌన్ వచ్చింది.

పెద్దమ్మ భర్త తాపీ మేస్త్రీ. అంతకు మూడేళ్ల ముందు నుంచే ఆయన కుడి చెయ్యి వణికేది. డాక్టరు చూసి పార్కిన్సన్ జబ్బు అన్నారు. రోజూ మూడు పూటలా గోలీలు రాశారు. గోలీలు వేసుకుంటే ఆయన బాగానే తిరిగేవాడు. పొద్దున్నే చాయ్ హోటలు దాకా నడిచేవాడు. నలుగురితో మాట్లాడి వచ్చేవాడు.

లాక్‌డౌన్‌లో గోలీలు అయిపోవచ్చాయి. మందుల దుకాణాలు తెరిచే ఉన్నాయి. కానీ మందు పేరు పెద్దమ్మకు తెలియదు. చీటీ దొరకలేదు. పాత పట్టీలు పారేసింది. కొడుకు వేరే ఊళ్లో చిక్కుకుపోయాడు. బయటికి పోతే పోలీసులు కొడతారేమోనని భయం. అందుకని మిగిలిన గోలీలను సగం సగం విరిచి ఇచ్చింది.

వారం తిరగకముందే ఆయన బిగుసుకుపోయాడు. మంచం దిగలేకపోయాడు. ఒకసారి పడిపోయాడు. తర్వాత మాట్లాడటం మానేశాడు. అన్నం వద్దన్నాడు. ఒక రాత్రి, "నేను మీకు బరువైన. పోతే పీడ వోతది" అన్నాడు.

"నా మీద కోపమేమో అనుకున్న టీచరమ్మా. నేనూ మాట్లాడుడు బంద్ చేసిన" అంది పెద్దమ్మ.

అది కోపం కాదు. మరి ఏమిటి?

జబ్బు ఎలా వస్తుంది?

మన మెదడు లోపల కొన్ని కణాలు ఉంటాయి. అవి డోపమిన్ అనే రసాయనాన్ని తయారు చేస్తాయి. కాళ్లూ చేతులూ మనం అనుకున్నట్టు కదలాలంటే డోపమిన్ కావాలి. ఆ కణాలు కొద్దికొద్దిగా నశిస్తే డోపమిన్ తగ్గిపోతుంది. అప్పుడు చెయ్యి వణుకుతుంది. నడక నెమ్మదిస్తుంది. ఒళ్లు బిగుస్తుంది. గొంతు సన్నబడుతుంది. రాసే అక్షరాలు కూడా చిన్నవైపోతాయి.

1817లో లండన్‌లో జేమ్స్ పార్కిన్సన్ అనే డాక్టరు ఈ జబ్బు గురించి వివరంగా రాశాడు. అందుకే దీనికి ఆయన పేరు వచ్చింది. ఇది అంటుజబ్బు కాదు. ఎవరి పాపమూ కాదు. పూర్తిగా నయం చేసే మందు లేదు. కానీ లెవొడోపా అనే మందు ఉంది. అది మెదడులోకి వెళ్లి డోపమిన్‌గా మారుతుంది. కదలిక సులువవుతుంది. గోలీ టైముకు పడాలి. ఒక్కసారిగా ఆపితే ప్రమాదం. తగ్గించినా, పెంచినా డాక్టరే చెయ్యాలి.

మనసుకు, మెదడుకు ఏమిటి సంబంధం?

డోపమిన్ పని కాళ్లూ చేతులతో అయిపోదు. సంతోషం, హుషారు కలగాలన్నా అది కావాలి. అందుకే ఈ జబ్బున్నవాళ్లలో చాలామందికి దిగులు కూడా వస్తుంది. అది పిరికితనం కాదు. జబ్బులో ఒక భాగం. ఒళ్లు నొస్తే ఎలా మందు ఇస్తారో, దిగులుకూ అలాగే వైద్యం ఉంది.

ఇంకో సంగతి. ఈ జబ్బులో ముఖం కండరాలు కూడా బిగుస్తాయి. లోపల ప్రేమ ఉన్నా ముఖంలో నవ్వు కనపడదు. చూసేవాళ్లు కోపం అనుకుంటారు. పెద్దమ్మ పొరపాటు పడింది ఇక్కడే.

కొందరికి లేని మనుషులు కనిపిస్తారు. జబ్బు వల్ల కావచ్చు, మందుల వల్ల కూడా కావచ్చు. గాలి సోకిందని మంత్రగాడి దగ్గరికి తీసుకుపోవద్దు. డాక్టరుకు చెప్పండి.

లాక్‌డౌన్ ఈ దిగులును పెంచింది. నడక పోయింది. ఒళ్లు ఇంకా బిగిసింది. నలుగురితో మాట పోయింది. టీవీ పెడితే చావుల లెక్కలు. గోలీలు దొరుకుతాయో లేదోనని రంది. రంది ఎక్కువైతే వణుకు ఎక్కువవుతుంది. వణుకు చూసి మళ్లీ రంది. ఇది గానుగెద్దు తిరిగినట్టు తిరుగుతుంది.

ఫిట్స్ జబ్బున్నవాళ్లకూ అంతే. నిద్ర లేకపోయినా, గోలీలు ఆగినా ఫిట్స్ మళ్లీ రావచ్చు. పక్షవాతం వచ్చినవాళ్లకు ఇంట్లో కదలకుండా కూర్చుంటే దిగులు ముదురుతుంది.

తర్వాత ఏమైంది?

పక్కింటి పిల్లవాడు పెద్దమ్మ కొడుక్కి ఫోన్ చేశాడు. కొడుకు ఫోన్‌లో పాత చీటీ ఫొటో ఉంది. అది వాట్సాప్‌లో పంపాడు. డాక్టరుతో ఫోన్‌లోనే మాట్లాడారు. 2020 మార్చి 25న కేంద్ర ప్రభుత్వం ఫోన్ మీద వైద్యం ఎలా చెయ్యాలో నియమాలు ఇచ్చింది. డాక్టరు చెప్పినట్టు గోలీలు మళ్లీ మొదలుపెట్టారు. దిగులుకు కూడా ఒక గోలీ రాశారు. ఆ పిల్లవాడు రోజూ గుమ్మం బయట దూరంగా నిలబడి, "తాతా, ఇవాళ పది సార్లు నడిచినవా?" అని అడిగేవాడు. తాత ఇంట్లోనే గోడ నుంచి గోడకు నడిచేవాడు. రెండు నెలలకు కొంచెం తేరుకున్నాడు.

జబ్బు పోలేదు. కానీ మనిషి మనలోకి తిరిగి వచ్చాడు.

మనం ఏం చెయ్యాలి?

1. గోలీల పట్టీ మీద పేరు ఎక్కువగా ఇంగ్లీషులో ఉంటుంది. దుకాణం అతన్ని అడిగి ఆ పేరు తెలుగులో మీ నోటుబుక్కులో రాసుకోండి. ఎన్ని గోలీలు, ఏ టైముకు అన్నది పక్కనే రాయండి.

2. అయిపోయిన పట్టీ ఒకటి దాచండి. చీటీ ఫొటో ఇద్దరి ఫోన్లలో ఉంచండి.

3. పది రోజుల గోలీలు మిగిలి ఉండగానే మళ్లీ కొనండి.

4. రోజూ కొంచెం నడిపించండి. కాసేపు ఎండలో కూర్చోబెట్టండి. పక్కన కూర్చుని మాట్లాడండి. జవాబు నెమ్మదిగా వస్తుంది. ఓపిక పట్టండి.

5. రెండు వారాలు దాటినా దిగులు పోకపోతే, నిద్ర, తిండి తగ్గిపోతే డాక్టరుకు చెప్పండి. దగ్గరలోని బస్తీ దవాఖానాలో మొదట అడగవచ్చు.

6. "చచ్చిపోతే బాగుండు" అంటే ఊరికే అన్నాడని వదిలెయ్యకండి. ఒంటరిగా ఉంచకండి. 14416కు ఫోన్ చెయ్యండి. ఇది టెలి మానస్. 2022 అక్టోబరులో మొదలైంది. రాత్రీపగలూ పనిచేస్తుంది. డబ్బు కట్టనక్కర్లేదు. తెలుగులో మాట్లాడవచ్చు.

7. 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలు ఉన్నాయి. పార్కిన్సన్ జబ్బు కూడా అందులో ఉంది. సర్టిఫికెట్ కోసం అడగండి.

చివరగా ఒక మాట. జబ్బు మనిషిని చూసుకునేది ఎక్కువగా మన ఆడవాళ్లమే. మనకూ అలసట వస్తుంది. కోపం వస్తుంది. ఏడుపు వస్తుంది. అది తప్పు కాదు. పొరుగింటి అక్కతో చెప్పుకోండి. ఒక గంట ఇంకొకరిని కూర్చోబెట్టి బయటికి వెళ్లి రండి. 14416 మీకు కూడా ఉంది.

ఆ పెద్దమ్మ ఇప్పుడు భర్త గోలీల పేర్లు మూడూ తన చేత్తో రాస్తుంది. మొదటి పేరు రాయడానికి వారం పట్టింది. రాసిన కాగితం వంటింట్లో గోడకు అంటించింది.

చెప్పండి, రాయండి

మీ ఇంట్లో రోజూ గోలీలు వేసుకునేవాళ్లు ఎవరు?

ఆ గోలీల పేర్లు ఏమిటి? మీ నోటుబుక్కులో రాయండి.

ఈ మధ్య మాట్లాడటం తగ్గించిన మనిషి మీ వాడలో ఎవరైనా ఉన్నారా? రేపు వాళ్లింటికి వెళ్లి పలకరించండి.