జెంటూ లినక్సునందు కంపైలు విఘ్నములు

17వ శతాబ్దమున మన దుగరాజపట్నమున కోఠీ వేసిన ఆంగ్ల వర్తకుల జాతివారు తెలుగును జెంటూ భాషయని వ్యవహరించెడివారు. 2002లో 1.0 సంఖ్యతో వెలువడిన జెంటూ లినక్సునకు మాత్రము ఆ పేరు మనవలన రాలేదు. మిక్కిలి వేగముగా నీదు నొక పెంగ్విన్ జాతినిబట్టి వచ్చినది. అయినను నెల్లూరు పిల్లల చెవికి అది ఇంపుగనే యుండును.

తక్కిన లినక్సులు చాలవరకు వండి వడ్డించిన అన్నమువంటివి. ఇదియో, మొలగొలుకుల వడ్లు తెచ్చి ఇంటనే దంచి వండుకొనుటవంటిది. ఎమర్జ్ అని ఆజ్ఞ యియ్యగనే పోర్టేజి సోర్సును దింపుకొని, కంపైలరుచేత యంత్రభాషలోనికి మార్పించును. చిన్న కొరత యున్నను పని నడుమ నిలిచిపోవును. అంతట మా విద్యార్థులు కొందరు సర్వమును తుడిచివేసి మరల మొదలిడుదురు. రెండు దినముల శ్రమ పోవును. కారణము మాత్రము పోదు.

తెరమీది కడపటి పంక్తి పని చెడినదని మాత్రమే చెప్పును. పెక్కు పనులు ఒక్కమారే జరుగుచుండుటచేత, ఒకటి చెడినను తక్కినవి కొంతసేపు సాగి, తమ మాటలతో అసలు దోషమును కప్పివేయును. కావున బిల్డ్ లాగ్ విప్పి, ఎర్రర్ అను మాట మొట్టమొదట ఎచ్చట వచ్చెనో వెదుకవలెను. హెడరు ఫైలు దొరకలేదని యుండినచో, కావలసిన లైబ్రరీ లేకయో, దాని భాగములను నిర్ణయించు యూజ్ ఫ్లాగు సరిగా లేకయో యుండును. కిల్డ్ అని యుండినచో తరచుగా మెమరీ చాలనట్లే. పనికి 2 గిగాబైట్ల చొప్పున లెక్కించుకొనుమని జెంటూ హ్యాండ్‌బుక్కు చెప్పుచున్నది. 8 గిగాబైట్ల యంత్రమున నాలుగు పనులు మించరాదు.

కంపైలరే కుప్పకూలినప్పుడు దానిని తొందరపడి నిందింపరాదు. ఏమియు మార్చక అదే పనిని ముమ్మారు నడిపి చూడవలెను. ప్రతిమారు ఒకేచోట ఆగినచో దోషము చాలవరకు సోర్సునందో కంపైలరునందో కలదు. ఒకమారు ఒకచోట, మరియొకమారు వేరొకచోట ఆగినచో యంత్రమునే శంకింపవలెను: మెమరీ చెడియుండును, లేదా వేడి మితిమీరియుండును. మే నెల యెండలలో మా తీరమున ఈ రెండవది అరుదు కాదు. ముందు పంకా ధూళిని తుడిచి, పిమ్మట మెమ్‌టెస్టును రాత్రియంతయు నడుపుట మేలు.

కరెంటు పోయి పని నిలిచినచో బెంగ వలదు. ఎమర్జ్‌కు రెజ్యూమ్ చేర్చిన మిగిలిన ప్యాకేజీల పట్టిక సాగును. సగములో ఆగిన ప్యాకేజీ మాత్రము మొదటినుండి నడుచును.

ఇంకను తోచనివారు మా యొద్దకు వచ్చునప్పుడు ఎమర్జ్ ఇన్ఫో ఫలితమును, లాగును సంపూర్ణముగా తేవలెను. కడపటి నాలుగు పంక్తుల ఫోటో చాలదు.