విల్లులో పేరు మీదే... ఆ పేరు మీదేనా?

“పోయినాయన మీకేమవుతారండీ?”

బ్యాంకు కౌంటర్లో ఎదురయ్యే మొదటి ప్రశ్న ఇది. కొడుకో భార్యో అయితే ఒక్క మాటలో జవాబు చెప్పేస్తారు. “చుట్టరికం ఏమీ లేదండీ, విల్లులో నన్ను ఎగ్జిక్యూటర్‌గా పెట్టారు” అని చెప్పాల్సిన మనిషికే చిక్కు. అవతలి నుంచి కాసేపు మాట రాదు. తర్వాత “మేనేజర్ గారు లంచ్‌కి వెళ్లారు, కూర్చోండి” అంటారు.

పిల్లలు తలో దేశంలో ఉన్న ఇళ్లలో స్నేహితుణ్నో, బావమరిదినో, పాత సహోద్యోగినో ఎగ్జిక్యూటర్‌గా పెట్టుకోవడం మామూలే. పోయినవారి ఆస్తులన్నీ పోగుచేసి, అప్పులు తీర్చి, మిగిలింది ఎవరిది వాళ్లకి అప్పగించడం ఆయన పని. 1925 నాటి భారత వారసత్వ చట్టం 211వ సెక్షన్ ప్రకారం పోయినవారి చట్టపరమైన ప్రతినిధి ఈయనే. చట్టం ఇంత పెద్దపీట వేసినా బ్యాంకులో మాత్రం పీట కాదు కదా, స్టూలు కూడా దొరకదు.

తప్పంతా బ్యాంకుదే అనలేం. వేరే మనిషికి డబ్బిచ్చేస్తే రేపు అసలు వారసులు వచ్చి బ్యాంకు మెడకే చుట్టుకుంటారు. అందుకే వాళ్లు రెండు రుజువులు అడుగుతారు. మీరు మీరేనా? విల్లులో ఉన్న మనిషి మీరేనా? ఈ రెండూ ఒకటే ప్రశ్న అనుకుని వెళ్లినవాళ్లకే చెప్పులరిగేది.

మొదటిది తేలిక. అది మామూలు కేవైసీ. ఆధార్, పాస్‌పోర్టు, డ్రైవింగ్ లైసెన్సు, ఓటరు కార్డు లాంటి వాటిలో ఒకటి, దాంతోపాటు పాన్. రెండోదాని దగ్గరే మన తెలుగు పేర్లు కాళ్లకి అడ్డం పడతాయి.

చూడండి. దస్తావేజు లేఖరి విల్లులో తెలుగులో “కె.వి. సుబ్రహ్మణ్యం” అని రాస్తాడు. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ముందుంటుంది. పాన్‌లో అదే ఇంటిపేరు చివరికెళుతుంది. పాస్‌పోర్టులో దానికి వేరే గడే ఉంది. ఇక సుబ్రహ్మణ్యాన్ని ఇంగ్లీషులో ఎన్ని రకాలుగా రాయొచ్చో ఆ పేరున్నవాళ్లనే అడగండి, మధ్యలో ‘హెచ్’ ఉన్నది ఒకటి, లేనిది ఒకటి, చివర ‘వై’ ఒకటి, ‘ఐ’ ఒకటి. ఆడవాళ్ల సంగతి ఇంకా కష్టం. విల్లు రాసిన తండ్రి కూతురి పేరు పుట్టింటి ఇంటిపేరుతో రాస్తాడు, ఆవిడ కార్డులన్నీ అత్తింటి పేరుతో ఉంటాయి. “మా తమ్ముడు బాబ్జీ” అని రాసినవాళ్లూ ఉంటారు. ఊరంతటికీ బాబ్జీ తెలుసు, బ్యాంకు కంప్యూటర్‌కి తెలియదు.

దీనికి వాడుకలో ఉన్న మందు నోటరీ చేయించిన అఫిడవిట్. ‘ఈ రెండు పేర్లూ ఒకే వ్యక్తివి’ అని స్టాంపు పేపరు మీద ప్రమాణం చేయడం. అయితే అఫిడవిట్ అంటే మీ గురించి మీరు చెప్పుకునే మాటే. దానికి పాత కాగితం ఒకటి తోడుండాలి. టెన్త్ సర్టిఫికెట్, పెళ్లి సర్టిఫికెట్, ఉద్యోగంలో సర్వీసు రిజిస్టరు కాపీ లాంటివి, ముఖ్యంగా రెండు పేర్లనీ కలిపేవి. రెండూ కలిపి ఇస్తే మేనేజర్ మెత్తబడతాడు.

నిజానికి ఈ తంటా విల్లు రాసేటప్పుడే తప్పించొచ్చు. ఎగ్జిక్యూటర్ పేరు ఆధార్‌లో ఎలా ఉందో అలాగే రాయించండి. పక్కనే తండ్రి లేదా భర్త పేరు, వయసు, చిరునామా, ఆధార్ చివరి 4 అంకెలు. వాడుక పేరుంటే ‘అనబడే’ అని చేర్చండి. ఆయన మీకన్నా ముందే పోతే? రెండో పేరు కూడా ఉండాలి. ఒక పూట పని ఇది, కానీ విల్లు రాసేవాళ్ల దృష్టంతా ఇల్లెవరికి, పొలమెవరికి అన్నదాని మీదే ఉంటుంది.

అసలు విల్లు నిజమైనదేనా అన్నది ఆ తర్వాతి అనుమానం. విల్లుకి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, ఇద్దరు సాక్షుల సంతకాలు మాత్రం ఉండాల్సిందే. రిజిస్టరైతే ఒక సౌకర్యం ఉంది. రాసిన మనిషి బతికున్నంతకాలం దాని నకలు ఆయనకో, ఆయన పంపిన మనిషికో తప్ప ఇంకెవరికీ ఇవ్వరు. పోయాక డెత్ సర్టిఫికెట్ చూపించి సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో సర్టిఫైడ్ కాపీ తీసుకోవచ్చు. బ్యాంకులో ఇవ్వాల్సింది అదే. ఒరిజినల్ చూపించండి, వదిలిపెట్టి రావద్దు.

“ప్రొబేట్ తెచ్చుకోండి” అనే మాట కూడా వినబడుతుంది. అంటే ‘ఈ విల్లు నిజమైనదే, ఎగ్జిక్యూటర్ ఈయనే’ అని కోర్టు ముద్ర వేసి ఇవ్వడం. ఆంధ్ర, తెలంగాణల్లో హిందువుల విల్లుకి చట్టప్రకారం ప్రొబేట్ తప్పనిసరి కాదు. వారసులంతా ఒక మాట మీద ఉంటే వాళ్ల నిరభ్యంతర పత్రాలు, తహసీల్దారు ఇచ్చిన ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, ఇండెమ్నిటీ బాండుతో మేనేజర్‌ని ఒప్పించే ప్రయత్నం చేయొచ్చు. వారసుల్లో ఒక్కరు అభ్యంతరం చెప్పినా మేనేజర్‌తో వాదన దండగ. కోర్టుకి వెళ్లడమే దారి. విల్లులో ఎగ్జిక్యూటర్‌గా పేరున్నవారికే ప్రొబేట్ ఇస్తారు, కాబట్టి ఆ పిటిషన్ వేయాల్సింది మీరే.

ఖాతాకి నామినీ ఉంటే కథ మారిపోతుంది. బ్యాంకు డబ్బు నామినీ చేతికిచ్చి చేతులు దులుపుకుంటుంది, చట్టం దానికా వెసులుబాటు ఇచ్చింది. అలాగని నామినీ యజమాని అయిపోడు. 2010లో రామ్ చందర్ తల్వార్ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతే తేల్చింది. విల్లు ప్రకారం ఆ డబ్బు ఇంకొకరిదైతే మీరు అడగాల్సింది నామినీని, బ్యాంకుని కాదు. ఇక్కడే చాలా కుటుంబాల్లో మాటలు తెగిపోతాయి.

వచ్చిన డబ్బు మీ సొంత ఖాతాలో వేసుకోవద్దు, ఎంత నిజాయితీపరులైనా సరే. పోయినవారి ఎస్టేట్ పేరుతో వేరే ఖాతా తెరవండి. ప్రతి రూపాయికీ లెక్క అడిగే హక్కు వారసులకుంది. పిన్ తెలుసు కదా అని పోయినవారి ఏటీఎం కార్డు గీకడం, ఫోన్లో యూపీఐ వాడటం అసలే వద్దు. అంత్యక్రియల ఖర్చుకే అయినా, రేపు ఎవరైనా వేలెత్తి చూపితే జవాబు చెప్పాల్సింది మీరే.

చనిపోయిన ఖాతాదారుల క్లెయిముల మీద రిజర్వు బ్యాంకు 2025 సెప్టెంబరులో కొత్త నిబంధనలిచ్చింది. 2026 మార్చి 31 లోగా అమల్లోకి తేవాలని బ్యాంకులకు గడువు పెట్టింది. కాగితాలన్నీ అందిన 15 రోజుల్లో డిపాజిట్ క్లెయిము తేల్చాలి. బ్యాంకు వల్లే ఆలస్యమైతే బ్యాంకు రేటు మీద మరో 4 శాతం కలిపి వడ్డీ ఇవ్వాలి. లాకరైతే రోజుకి 5,000 రూపాయలు.

ఈ 15 రోజుల లెక్క కాగితాలన్నీ అందిన రోజు నుంచే మొదలవుతుంది. అందుకే ఏదీ నోటిమాటగా ఇవ్వొద్దు. దరఖాస్తుతో పాటు ఇచ్చిన కాగితాల జాబితా రాసి, రెండో కాపీ మీద బ్యాంకు ముద్ర, తేదీ వేయించుకోండి. ఇంకా ఏం కావాలో రాసివ్వమని అడగండి. రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి 30 రోజులైనా జవాబు రాకపోతే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కి వెళ్లొచ్చు, పైసా ఖర్చు లేదు. వివరాలకి ఫోన్ నంబరు 14448.