పాత చీరతో పసిబిడ్డకు బొంత

కూతురికి ఏడో నెల దాటిందంటే చాలు, తల్లి బీరువా అడుగు అరలోని పాత చీరలు బయటికి తీస్తుంది. మంగళగిరిదో వెంకటగిరిదో, కట్టీ ఉతికీ మెత్తబడ్డ నేతచీర ఒకటి దొరికితే పుట్టబోయే బిడ్డకు బొంత సిద్ధమైనట్టే.

పాత బట్టే ఎందుకు? కొత్త నూలు బట్టలో గంజి ఉంటుంది. రంగు వదులుతుంది. మొదటి ఉతుకులకే కొంత కుదించుకుపోతుంది. ఏళ్ల తరబడి ఉతికిన చీరకు ఆ బెడదలేవీ ఉండవు. పోగులు మెత్తబడి బిడ్డ ఒంటికి గరుకు తగలదు, తడిని చటుక్కున పీల్చుకుంటుంది. దుకాణంలో ఎంత డబ్బు పోసినా ఆ మెత్తదనం దొరకడం కష్టం.

లెక్క కూడా సులువే. ఆరు గజాల చీరను గజం చొప్పున కత్తిరిస్తే ఆరు ముక్కలు వస్తాయి. ఒక్కొక్కటి 36 అంగుళాల పొడవు, దాదాపు 45 అంగుళాల పన్నా. జరీ అంచు గీసుకుంటుంది కాబట్టి ముందే తీసేయాలి. వేసవిలో పుట్టే బిడ్డకు మూడు నాలుగు పొరలు చాలు, చలికాలమైతే ఆరూ వేసుకోవచ్చు.

చాప మీద ముక్కలను ఒకదానిపై ఒకటి పరిచి, మధ్య నుంచి అంచుల వైపు అరచేత్తో నిమురుతూ ముడతలు తీస్తారు. పొరలు జరగకుండా జానెడు దూరంలో పెద్ద పెద్ద టాకాలు వేస్తారు. అసలు కుట్టు పూర్తయ్యాక వాటిని లాగేస్తారు. అంచులు లోపలికి మడిచి, సూది పైకీ కిందికీ పోయే సాదా కుట్టుతో వరుసలు నడుపుతారు. వరుసకూ వరుసకూ మధ్య వేలెడు వెడల్పు ఉంటే పొరలు గుట్టలు పడవు. దారం బిగిస్తే బట్ట ముడుచుకుపోతుంది, వదులైతే ఉచ్చులు తేలతాయి. ఇక్కడే జాగ్రత్త పడాలి. ఊడిన పోగు పసివేలికి చుట్టుకుంటే రక్తం ఆడదు. అందుకే ముడులన్నీ పొరల మధ్యకు తోసేయాలి. పూసలు, అద్దాలు, గుండీలు అసలే వద్దు.

ఈ పని తెలుగు నేలకే పరిమితం కాదు. బెంగాల్‌లో పాత చీరలతో బిడ్డలకు కాంతాలు కుడతారు. బీహార్‌లో పసిపిల్లల కోసం కుట్టిన సుజనీయే తర్వాత బొమ్మల కుట్టుపనిగా పేరు తెచ్చుకుంది. ముజఫర్‌పూర్ జిల్లా భుసురా గ్రామంలో ఆ కళను నిలబెట్టిన నిర్మలాదేవికి 2025లో పద్మశ్రీ ప్రకటించారు. కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లా సిద్ది తెగ మహిళలు బొంతను అంచు దగ్గర మొదలుపెట్టి, చుట్టూ తిరుగుతూ నడిమధ్యకు కుట్టుకుంటూ వస్తారు. మూలల్లో మడత ముక్కలతో పూలు పెట్టనిదే వాళ్లకు ఆ కుట్టు పూర్తయినట్టు కాదు.

అమెరికాలో ఉన్న కూతురి పురుటికి వెళ్లే అమ్మల పెట్టెల్లోనూ బొంతలు ప్రయాణిస్తుంటాయి. అయితే అక్కడి పిల్లల వైద్యుల సంఘం మాట ఒకటి ఎక్కడున్నా పాటించదగ్గది: ఏడాది నిండే దాకా బిడ్డ నిద్రపోయే చోట వదులుగా ఉండే దుప్పట్లు, దిండ్లు, మెత్తటి పరుపులు ఉండకూడదు. అవి ముఖం మీదికి వస్తే ఊపిరాడదు. మరి బొంత ఎందుకంటే, పనులు చాలానే ఉన్నాయి. స్నానం చేయించాక ఒళ్లో పరుచుకోవడానికి, మెలకువగా ఉన్న బిడ్డను పెద్దల కళ్లెదుట నేల మీద బోర్లా వేసి ఆడించడానికి, ఎత్తుకున్నప్పుడు కింద పట్టుకోవడానికి అంతకన్నా హాయైనది లేదు. తడిసిన బొంతను వెంటనే ఉతికి, పొరలన్నీ ఆరే దాకా ఎండలో వేయాలి. లోపల చెమ్మ మిగిలితే వాసన పట్టేస్తుంది.

ఇప్పుడు అసలు చిక్కు చీర దగ్గరే వస్తోంది. రోజువారీ చీరల్లో పాలియెస్టర్ కలిసినవి పెరిగిపోయాయి. అవి తడిని సరిగా పీల్చవు, వేడికి ఉక్కపోత పుట్టిస్తాయి. అనుమానముంటే అంచు నుంచి ఒక పోగు లాగి, దూరంగా పట్టుకుని వెలిగించి చూడాలి. నూలైతే కాగితం కాలిన వాసన వచ్చి, మెత్తటి బూడిద రాలుతుంది. పాలియెస్టర్ అయితే కరిగి గట్టి ఉండ కడుతుంది. నూలని తేలిన చీరను, చిరిగినా సరే, స్టీలు సామాన్లవాడికి వేయకుండా ఉతికి దాచుకోవాలి. పడుగూ పేకా గట్టిగా ఉన్న గజం బట్టలు నాలుగు మిగిలినా ఒక బిడ్డకు బొంత అవుతుంది.