పోర్ట్ వైన్: తీపి ఎవలకు, చెమట ఎవలది?

మన దగ్గర ఏ ఊరికి పోయినా ‘వైన్స్’ అని బోర్డు కనవడ్తది. లోపలికి పోయి చూస్తె బీరు, విస్కీ, బ్రాందీ. అసలు వైన్ అడిగేటోళ్లు తక్కువ. మనోళ్లల్ల చానమందికి ఎరుకైన వైన్ ఒక్కటే: గోవా పోయొచ్చినోళ్లు సంచిల ఏస్కొచ్చే తియ్యటి ఎర్ర ‘పోర్ట్ వైన్’. నా దోస్తు ఒకడు గట్లనే తెచ్చిండు. ‘పోర్ట్ అంటె ఏందన్నా, ఓడరేవా?’ అనడిగిండు. నాకు చెప్పరాలే. గా సిగ్గుతోనే చదువుడు షురూ చేసిన.

ఓడరేవే. పోర్చుగల్‌ల పోర్టో అనే రేవు పట్నం ఉన్నది. దాని పేరే వైన్‌కు వచ్చింది. గోవాను 1510 నుంచి 1961 దాక పోర్చుగీసోళ్లు ఏలిండ్రు కాబట్టి ఆ పేరు మన దేశానికి చేరింది. కని యూరప్ చట్టం ప్రకారం డౌరో నది లోయల పండిన ద్రాక్షతోని చేసిందే పోర్ట్.

డౌరో లోయ అంటె మెత్తటి నల్లరేగడి అనుకోవద్దు. నిటారు గుట్టలు, పలకరాయి నేల. ఎండకాలం 40 డిగ్రీలు దాటుతది. తీగ బతకాలంటె రాళ్ల సందులల్లకెల్లి లోతుకు ఏరు దింపాలె. ఆ నేలల పండే ద్రాక్షలల్ల పేరున్నది టూరిగా నాషనల్. చిన్న పండు, దొడ్డు తోలు, కాపు తక్కువ. రంగు, వగరు మాత్రం మస్తు. టూరిగా ఫ్రాంకా, టింటా రోరిజ్, టింటా బరోకా అసొంటి రకాలను దానితోని కలుపుతరు.

మరి గంత తీపి యాడికెల్లి వస్తది? చక్కెర కలుపుతరేమో అనుకున్న. కాదు. మన కల్లు యాది చేస్కోండ్రి. పొద్దుగాల దింపింది తియ్యగుంటది, పొద్దుగూకెటాళ్లకు పులుస్తది. కల్లుల ఉన్న ఈస్టు తీపిని తిని మత్తు తయారుచేస్తది. ద్రాక్షరసంల గూడ గంతే. రెండు మూడు దినాలు పులిసినంక, సగం తీపి ఇంక మిగిలి ఉండంగనే, 77 శాతం ఆల్కహాల్ ఉన్న ద్రాక్ష సారా పోస్తరు. ఈస్టు చస్తది, తీపి మిగుల్తది. 550 లీటర్ల పీపాకు సుమారు 435 లీటర్ల రసం, 115 లీటర్ల సారా. అందుకే పోర్ట్‌ల ఆల్కహాల్ 20 శాతం దగ్గర ఉంటది. తియ్యగున్నదని బీరు లెక్క తాగితె ఆగమైతరు.

ఈ సారా పోసుడు వెనుక యాపారం ఉన్నది. 1703ల ఇంగ్లండ్, పోర్చుగల్ ఒప్పందం చేస్కున్నయి. ఇంగ్లిష్ ఉన్ని బట్టలు పోర్చుగల్‌కు, పోర్చుగల్ వైన్ తక్కువ సుంకంతోని ఇంగ్లండ్‌కు. ఓడల మీద వైన్ చెడిపోకుండ ముందుగాల సారా పోసిండ్రు. తర్వాత అదే పద్ధతి అయ్యింది. 1756ల మంత్రి పొంబల్ డౌరో లోయకు హద్దులు గీసి, యాపారమంత ఒక కంపెనీ చేతిల పెట్టిండు. 1757ల పోర్టో జనం ఆ కంపెనీ మీద తిరగవడ్డరు. వాళ్లల్ల కొందరిని ఉరి తీసిండ్రు. సీసా మీద గీ ముచ్చట ఎవలు రాస్తరు?

గుట్టలను చెక్కి మెట్లు మెట్లుగ రాతిగోడలు కట్టింది స్థానిక కూలోళ్లు, స్పెయిన్‌ల గలీసియా నుంచి వచ్చిన వలస కూలోళ్లు. మన పాలమూరు లేబర్ తీరుగనే ఊరిడిసి వచ్చినోళ్లు. 1860ల తర్వాత ఫిలోక్సెరా అనే పురుగు తోటలను తిన్నది. గప్పుడు ఇడ్సిపెట్టిన గోడలు ఇంక అక్కడ ఉన్నయి. 2001ల ఆ లోయను యునెస్కో ప్రపంచ వారసత్వంగ గుర్తించింది.

ద్రాక్షను రాతి తొట్లల్ల ఏసి కాళ్లతోని తొక్కుతరు. కాలైతె గింజ పగలదు, చేదు దిగదు. దినమంత కోసినోళ్లే రాత్రి భుజాలు పట్టుకొని, లెక్కకు అడుగేసుకుంట గంటలకొద్ది తొక్కుతరు. అటెంక ‘లిబర్దాద్’ అని ఇడుస్తరు. అంటె స్వేచ్ఛ. గప్పుడు పాటలు, ఆటలు. ఇప్పుడు చానా కాడ మిషన్లు వచ్చినయి.

ఇగ తిండి సంగతి. కొత్తగ, ఎర్రగ ఉండేది రూబీ. దానికి చేదు చాక్లెట్ మంచి జోడి. చిన్న పీపాలల్ల ఏండ్లకేండ్లు ఉండి గోధుమరంగుకు తిరిగేది టానీ. దానికి అక్రోటు, బాదం, కాల్చిన చక్కెర వాసనున్న మిఠాయిలు. ఇంగ్లండోళ్లు స్టిల్టన్ అనే ఉప్పటి చీజ్‌తోని తాగుతరు. ఉప్పు, తీపి ఒకదాన్నొకటి ఎత్తి చూపుతయి. తాగేది బువ్వ తిన్నంక, చిన్న గ్లాసుల.

తాగుమని చెప్తలేను, తాగొద్దని ఉపన్యాసం ఇస్తలేను. ఈ మధ్యల గూడ డౌరో చిన్న రైతులు ద్రాక్షకు గిట్టుబాటు ధర అడుక్కుంట రోడ్డెక్కిండ్రు. పత్తికి, వడ్లకు మనం అడిగేది గదే కదా. పేరు రేవుది, లాభం యాపారిది అయినకాడ, పండించినోని లెక్క అడిగేటోడు ఒకడుండాలె. నా దోస్తుకు గిదంత చెప్పిన. ‘గింత కథున్నదా అన్నా’ అని సీసా చేతిలకు తీస్కొని మల్లొక్కసారి చూసిండు.