బండి చల్లగా ఉంటేనే పూలు వాడవు

మా హోసూరులో తెల్లవారుజామున కోడి కంటే ముందు కూసేది పూలబండ్ల హారను. చుట్టుపక్కల పల్లెల గులాబీలూ చామంతులూ గోనెల్లోకి, బుట్టల్లోకి ఎక్కి, అత్తిబెలె దాటి బెంగళూరు కె.ఆర్. మార్కెట్టుకు చేరాలి. దూరం 40 కిలోమీటర్లే. కాని బొమ్మనహళ్లి, సిల్క్ బోర్డు దగ్గర చిక్కుకుంటే ఆ 40 కిలోమీటర్లే నాలుగు వందలైనట్టుంటుంది. తరతరాలుగా ఇక్కడ స్థిరపడిన మా ఇంట్లో నేను ఫ్యాక్టరీలో మరమ్మతుల విభాగానికి వెళ్లాను. మా తమ్ముడు పికప్ బండి కొని పూల రవాణాకు దిగాడు. ఈ వ్యాసం ఆ బండికి బిగించిన రెండు ఎలక్ట్రిక్ ఫ్యాన్ల కథ. అందులో నా తెలివితక్కువ కథ కూడా కొంత ఉంది.

2018 వేసవిలో తమ్ముడి బండి మూడుసార్లు హీటెక్కింది. మూడోసారి హెడ్ గ్యాస్కెట్ పోయింది. ఇంజనులో నీళ్లు, ఆయిలు కలిసి మజ్జిగలా తయారయ్యాయి. బాగుచేయించడానికి మరదలి గాజులు తాకట్టుకు వెళ్లాయి. "అన్నా, ఇంకొక్కసారి ఇట్లయితే బండి అమ్మేసి ఎక్కడన్నా డ్రైవరుగా చేరిపోతాను" అన్నాడు వాడు. పిల్లలిద్దరూ చదువుకుంటున్నారు. సొంత బండి ఉన్న ఇంటికీ, కూలి డ్రైవరు ఇంటికీ తేడా ఏమిటో మనలో చాలా కుటుంబాలకు తెలుసు.

అప్పుడు నేను పెద్దరికంగా, "పాత ఫ్యాను తీసేసి కరెంటు ఫ్యాను పెడదాం. నేను చూసుకుంటాను" అన్నాను.

ఫ్యాను ఎందుకు?

డీజిలు కాలితే వచ్చే వేడిలో కొంతే బండిని లాగడానికి పనికొస్తుంది. మిగిలింది పొగగొట్టం గుండా, రేడియేటర్ గుండా బయటికి పోవాలి. ఇంజను చుట్టూ తిరిగి కాగిన నీళ్లు రేడియేటర్ సన్నని గొట్టాల్లోకి వస్తాయి. వాటి మీదుగా గాలి వీస్తే చల్లబడి తిరిగి ఇంజనులోకి వెళతాయి. బండి 60 కిలోమీటర్ల వేగంతో పోతుంటే ఎదురుగాలే చాలావరకు ఆ పని చేస్తుంది. ఆగి, కదిలి, మళ్లీ ఆగే ట్రాఫిక్కులో ఎదురుగాలి ఉండదు. అక్కడే ఫ్యాను అవసరం.

మా బండిలో మొదట ఉన్నది బెల్టుతో తిరిగే ఫ్యాను. ఇంజను వేగంగా తిరిగితే అదీ వేగంగా తిరుగుతుంది, ఇంజను నెమ్మదిస్తే అదీ నెమ్మదిస్తుంది. దాని మధ్యలో సిలికాన్ ఆయిలు నింపిన క్లచ్చు ఒకటి ఉంటుంది. రేడియేటర్ గాలి వేడెక్కినప్పుడు ఫ్యానును గట్టిగా పట్టుకోవడం, చల్లబడ్డాక వదిలేయడం దాని పని. మా బండిలో ఆ క్లచ్చు అరిగిపోయింది. ఎంత వేడెక్కినా ఫ్యాను సోమరిగా తిరిగేది.

ఎలక్ట్రిక్ ఫ్యానుకు ఇంజను వేగంతో పని లేదు. బండి నిలబడి ఉన్నా పూర్తి వేగంతో తిరుగుతుంది. అవసరం లేనప్పుడు ఆగిపోతుంది కనుక ఇంజను మీద ఆ భారమూ ఉండదు. సిల్క్ బోర్డు దగ్గర అరగంట నిలబడే బండికి ఇది నప్పుతుందని నా లెక్క. లెక్క సరైనదే, తప్పంతా చేతిలో జరిగింది.

నేను చేసిన తప్పు

ఒక్కొక్కటి 10 ఆంపియర్లు తీసుకునే రెండు ఫ్యాన్లు తెచ్చాను. పాత ఫ్యాను విప్పి, వీటిని రేడియేటర్ వెనక ఇంజను వైపు పెట్టాను. బ్యాటరీ నుంచి ఒక తీగ లాగి, డ్యాష్‌బోర్డు మీద దీపాలకు వాడే 6 ఆంపియర్ల చిన్న స్విచ్ గుండా ఫ్యాన్లకు కలిపేశాను. రిలే పెట్టలేదు. "రెండు ఫ్యాన్లకు రిలే దేనికి, ఖర్చు దండగ" అనుకున్నాను. ముప్పయ్యేళ్లు ఫ్యాక్టరీలో పెద్ద పెద్ద మోటార్లు చూసిన గర్వం అది.

20 ఆంపియర్ల కరెంటును 6 ఆంపియర్ల స్విచ్ గుండా పంపాను. పైగా ఏ మోటారైనా కదిలే క్షణంలో మామూలు కంటే రెండు మూడు రెట్లు కరెంటు లాగుతుంది. రెండు వారాలు ఎలాగో నడిచింది.

ఆ శ్రావణంలో వరమహాలక్ష్మి పండుగకు ముందు రోజు వచ్చింది. కన్నడ దేశంలో ఆ పండుగకు పూల ధర ఎలా ఎగురుతుందో బెంగళూరు పాఠకులకు చెప్పనక్కరలేదు. నిండుగా గులాబీలు వేసుకుని తమ్ముడు బయలుదేరాడు. బొమ్మనహళ్లి దగ్గర స్విచ్ లోపల కరిగిపోయి ఫ్యాన్లు ఆగిపోయాయి. ఆగిన సంగతి వాడికి తెలిసే దారి నేను పెట్టలేదు. బానెట్టు సందుల్లోంచి ఆవిరి కనిపించాకే తెలిసింది. మునుపటి దెబ్బ గుర్తుండి వాడు వెంటనే ఇంజను ఆపేశాడు కాబట్టి గ్యాస్కెట్ దక్కింది. పూలు లగేజీ ఆటోల్లోకి మార్చి మార్కెట్టుకు చేర్చేసరికి మూడు గంటలు ఆలస్యం. బేరం పడిపోయింది. రైతుల దగ్గర మాట పడ్డాడు.

రాత్రి ఇంటికొచ్చి, "అన్నా, నువ్వు పెట్టిన స్విచ్ కాలిపోయింది" అని ఒక్క మాట అని లోపలికి వెళ్లిపోయాడు. తిట్టినా బాగుండేది. వారం రోజులు మా ఇద్దరి మధ్య మాటల్లేవు. చివరికి మరదలే వచ్చి, "బావగారూ, ఈసారి ఎలక్ట్రీషియన్ని కూడా పక్కన కూర్చోబెట్టుకోండి" అంది. ఎంత మర్యాదగా అన్నా తగలవలసిన చోట తగిలింది. తమ్ముడి దగ్గరికి వెళ్లి "తప్పు నాదేరా" అన్నాను. పెద్దవాడికి ఆ మాట నోట రావడం తేలిక కాదు.

రెండోసారి, సరిగ్గా

ఆ ఆదివారం షెడ్డులో ముగ్గురం కూర్చున్నాం. మెకానిక్కు అరవం, ఎలక్ట్రీషియన్ కన్నడం, నేను తెలుగు. హోసూరులో అది మామూలే. మెకానిక్కు ముందు ఫ్యాన్ల జోలికి పోనివ్వలేదు. "రేడియేటర్ విప్పు" అన్నాడు. విప్పితే లోపల బోరు నీళ్ల తెల్లని పాచు, బయట దుమ్ము, పూలరేకుల చెత్త. "మూసుకుపోయిన రేడియేటర్‌కు ఎన్ని ఫ్యాన్లు పెట్టినా ముక్కు దిబ్బడకు విసనకర్ర విసిరినట్టే" అన్నాడు. దాన్ని శుభ్రం చేయించి, బోరు నీళ్లు మాని కూలెంటు పోశాం.

తర్వాత ఫ్యాన్లు. రేడియేటర్ రేకుల సందుల్లోంచి ప్లాస్టిక్ పట్టీలు దూర్చి నేను కట్టినవి తీసేశారు. బండి అదురుకు అవి గొట్టాలను రాపాడి చిల్లులు పెడతాయట. ఇనుప పట్టీలతో చట్రం చేసి పక్కల బిగించారు. ఫ్యాన్ల చుట్టూ రేకు తొడుగు పెట్టారు. అది లేకపోతే ఫ్యాను ఎదురుగా ఉన్న గుండ్రని భాగం మాత్రమే చల్లబడుతుంది, మూలలు వేడిగానే ఉంటాయి. తిరిగే దిక్కు కూడా చూశారు. ఫ్యాను గాలిని రేడియేటర్ గుండా ఇంజను వైపు లాగాలి. ప్లస్సు మైనస్సు తారుమారైతే ఎదురుగాలితో కుస్తీ పడుతుంది.

వైరింగు ఎలక్ట్రీషియన్ చేశాడు. పద్ధతి ఇది: ఒక్కో ఫ్యానుకు విడిగా 40 ఆంపియర్ల రిలే, విడిగా 20 ఆంపియర్ల ఫ్యూజు, 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ. ఎర్తు తీగ కూడా అంతే మందం. ఫ్యూజు బ్యాటరీకి దగ్గరగా ఉండాలి. దారిలో తీగ ఎక్కడ ఒరుసుకున్నా మంట పుట్టక ముందే అది తెగాలి. రిలే 30వ నంబరు కాలికి ఫ్యూజు గుండా బ్యాటరీ, 87కు ఫ్యాను, 86కు తాళం వేస్తే వచ్చే కరెంటు, 85 నుంచి వేడి స్విచ్ గుండా ఎర్తు. బరువు మోసేది రిలే, దానికి సైగ చేసేదే స్విచ్. నాకు తెలిసీ పాటించనిది ఇదే.

వేడి స్విచ్ రెండు మెట్లది. మా థర్మోస్టాట్ 82 డిగ్రీలకు తెరుచుకుంటుంది. అందుకని మొదటి ఫ్యాను 92కు తిరిగి 87కు ఆగుతుంది, రెండోది 97కు తిరిగి 92కు ఆగుతుంది. ఫ్యాను ఆగే వేడి థర్మోస్టాట్ తెరుచుకునే వేడి కంటే ఎక్కువ ఉండాలి. లేకపోతే ఫ్యాను ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది. తిరిగే వేడికీ ఆగే వేడికీ మధ్య కొంత ఎడం లేకపోతే నిమిషానికి పదిసార్లు కొట్టుకుని రిలే పాడవుతుంది. ఇంజను నుంచి వేడినీళ్లు వచ్చే వైపు స్విచ్ బిగించాం. చల్లబడి వెళ్లే వైపు పెట్టేవాళ్లు అంతకంటే తక్కువ డిగ్రీల స్విచ్ తీసుకోవాలి.

వేడి స్విచ్ మొరాయించినా డ్రైవరు తానే ఫ్యాన్లు తిప్పుకొనేందుకు డ్యాష్‌బోర్డు మీద ఒక చిన్న స్విచ్ ఉంది. ఇప్పుడది రిలేకు సైగ మాత్రమే చేస్తుంది కనుక కరగదు. పక్కన రెండు చిన్న దీపాలు. దీపం వెలిగితే ఆ ఫ్యానుకు కరెంటు వెళుతోందని అర్థం. తిరుగుతోందని పూచీ కాదు, కాబట్టి వేడి ముల్లు మీద కన్ను ఉండవలసిందే.

అందరికీ నప్పుతుందా?

నప్పదు. హోసూరు నుంచి బెంగళూరుకు పెద్ద ఎక్కుడు లేదు. తొప్పూరు ఘాట్, బరంపురం వాళ్ల తప్తపాణి ఘాట్, మహారాష్ట్రలో కసారా ఘాట్ నిండు బరువుతో తక్కువ గేరులో ఎక్కే బండ్లకు బెల్టు ఫ్యానే మేలు. అక్కడ ఇంజను గిరగిర తిరుగుతుంది కనుక ఆ పెద్ద ఫ్యాను లాగే గాలితో ఈ చిన్న ఫ్యాన్లు పోటీపడలేవు. క్లచ్చు అరిగితే క్లచ్చే మార్చుకోవడం మంచిది. యానాం వంటి తీర ప్రాంతాలలో ఉప్పుగాలికి తీగల అతుకులు చిలుం పడతాయి, వాటిని తరచు చూసుకోవాలి. ఆల్టర్నేటర్ మీద రాసి ఉన్న ఆంపియర్లు ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు పూర్తిగా రావు. రాత్రి హెడ్‌లైట్లతో పాటు ఫ్యాన్లనూ మోయగలదో లేదో ముందే కొలిపించండి.

మరో మూడు మాటలు. పాత ఫ్యాను తీసినా బెల్టు తీయకండి, వాటర్ పంపు తిరిగేది దానితోనే. వేడిగా ఉన్న రేడియేటర్ మూత ఎప్పుడూ తెరవకండి, ఒత్తిడిలో ఉన్న నీళ్లు ముఖాన చిమ్ముతాయి. కొన్ని బండ్లలో తాళం తీశాక కూడా ఫ్యాను తిరుగుతుంది, అది ఆగింది కదా అని చెయ్యి పెట్టకండి.

ఆ తర్వాత తమ్ముడి బండి మళ్లీ ఆవిరి కక్కలేదు. గాజులు విడిపించుకుని మరదలు వేసుకుంది. మా అబ్బాయి, అంటే తమ్ముడి పెద్దకొడుకు, సెలవుల్లో అదే ఎలక్ట్రీషియన్ దగ్గర కూర్చుని రిలే కాళ్ల నంబర్లన్నీ నేర్చుకున్నాడు. కరిగిపోయిన ఆ చిన్న స్విచ్‌ను తమ్ముడు పారేయలేదు. డ్యాష్‌బోర్డు అరలో గుడ్డ చుట్టి దాచాడు. నేను బండి ఎక్కి ఏదైనా సలహా చెప్పబోతే చాలు, మాట్లాడకుండా ఆ అర తెరుస్తాడు. ఇద్దరం నవ్వుకుంటాం.