1918 సెప్టెంబర్: ఒక్క నెలలో తిరగబడిన యుద్ధం, అందులో మన హైదరాబాద్

ఏటా సెప్టెంబర్ 23 దగ్గర పడిందంటే ఫోన్లలో రెండు రకాల ఫార్వర్డులు తిరుగుతాయి. ఒకదాంట్లో 'హైఫా పట్టణాన్ని గెలిచింది హైదరాబాద్ లాన్సర్లే' అని ఉంటుంది. ఇంకోదాంట్లో 'హైదరాబాద్ సిపాయిలు ముస్లింలు కాబట్టి తుర్కుల మీద కత్తి ఎత్తనే లేదు' అని ఉంటుంది. కోకాపేటలో మా అపార్ట్‌మెంట్ గ్రూపులో పోయినసారి ఈ రెండూ ఒకే రోజు వచ్చాయి. పదో తరగతి చదివే మా మేనకోడలు రెండూ చదివి, "మామూ, ఇంతకీ మనం గెలిచామా, అసలు వెళ్ళనే లేదా?" అని అడిగింది.

ఆ పిల్లకి చెప్పిన జవాబే ఇది, కాస్త విడమరిచి. ఎందుకంటే ఈ రెండు మాటల్లో ఏదీ పూర్తి నిజం కాదు. అసలు కథ వాటి కంటే పెద్దది, మనసుకు బరువైంది కూడా.

ఆ నెలకు ముందు పరిస్థితి

మొదటి ప్రపంచ యుద్ధం 1914లో మొదలైంది. ఆ ఏడాది చివరికి ఉస్మానీ సల్తనత్ జర్మనీ పక్షాన యుద్ధంలోకి దిగింది. నవంబర్‌లో ఇస్తాంబుల్ నుంచి జిహాద్ ప్రకటన వచ్చింది. హిందుస్తాన్ ముస్లింలకు ఇది పెద్ద చిక్కు. ఒకవైపు తాము కొలువు చేసే బ్రిటిష్ ప్రభుత్వం, మరోవైపు ఖలీఫా. అప్పుడు ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ బ్రిటిష్ వారి పక్షాన నిలవమని ముస్లింలకు పిలుపునిచ్చారు. దేశంలోని అతి పెద్ద ముస్లిం సంస్థానాధీశుడి మాట కాబట్టి దానికి బరువు ఎక్కువ. 1918 జనవరిలో బ్రిటిష్ ప్రభుత్వం ఆయనకు 'నమ్మకమైన మిత్రుడు' అన్న బిరుదు ఇచ్చింది.

1918 వేసవి దాకా యుద్ధం ఎటు మొగ్గుతుందో ఎవరికీ తెలియలేదు. మార్చిలో జర్మన్ సైన్యం ఫ్రాన్స్‌లో ఎంతో ముందుకు దూసుకొచ్చింది. ఆగస్టులో దానికి మొదటి గట్టి దెబ్బ తగిలింది. ఆ తర్వాత వచ్చిన సెప్టెంబర్‌లో మాత్రం ఒక్క చోట కాదు, మూడు చోట్ల ఒకేసారి తలుపులు విరిగాయి.

సెప్టెంబర్ 14: నిజాం పేరు రాసిన విమానాలు

నిజాం ఇచ్చిన డబ్బుతో బ్రిటిష్ వాయుసేనలో ఒక దళం తయారైంది. దాని పేరే 110వ హైదరాబాద్ స్క్వాడ్రన్. దానివి డీహెచ్-9ఏ రకం బాంబర్ విమానాలు. ఒక్కో విమానం మీద 'హైదరాబాద్ నిజాం బహూకరించినది' అన్న అర్థం వచ్చే మాటలు రాయించారు. ఈ దళం సెప్టెంబర్ 1న ఫ్రాన్స్ చేరింది. 14న మొదటి దాడికి వెళ్ళింది. జర్మనీలోని రైల్వే స్టేషన్లు, విమాన స్థావరాలు, కర్మాగారాల మీద పట్టపగలు బాంబులు వేయడం దాని పని.

పట్టపగలు వెళ్తే శత్రువు విమానాలు కాచుకుని ఉంటాయి. రెండు నెలల్లోనే ఆ దళం విమానాలు 17 తిరిగి రాలేదు. నడిపినవాళ్ళు హైదరాబాదీలు కారు, బ్రిటిష్ వాయుసేన వాళ్ళు. కానీ ఆ విమానాలకు కట్టిన డబ్బు మన సంస్థానం ఖజానాది.

సెప్టెంబర్ 15: బల్గేరియా కూలడం

ఈ మలుపు గురించి మన పుస్తకాల్లో పెద్దగా రాయరు. బాల్కన్ కొండల్లో డోబ్రో పోలే అనే చోట ఫ్రెంచ్, సెర్బియా సైన్యాలు బల్గేరియా రక్షణ రేఖను చీల్చాయి. రెండు వారాలు తిరగకుండానే, సెప్టెంబర్ 29న, బల్గేరియా లొంగుబాటు పత్రం మీద సంతకం పెట్టింది.

ఇది ఉస్మానీలకు ఎందుకు ముఖ్యమంటే, బెర్లిన్ నుంచి ఇస్తాంబుల్‌కు వచ్చే రైలు దారి బల్గేరియా మీదుగానే పోతుంది. తుపాకులు, మందుగుండు, బొగ్గు అన్నీ ఆ దారినే రావాలి. బల్గేరియా పోవడంతో ఆ దారి తెగిపోయింది.

సెప్టెంబర్ 19: పలస్తీనాలో తెల్లవారుజాము

ఆ నెల మధ్యలోనే బక్రీద్ వచ్చింది. హిజ్రీ 1336 జిల్‌హజ్ నెల అది. పండుగ వెళ్ళిన రెండు మూడు రోజులకే, 19వ తేదీ తెల్లవారుజామున నాలుగున్నరకు, పలస్తీనా తీరంలో బ్రిటిష్ ఫిరంగులు పేలాయి. చరిత్రలో దీన్ని మెగిద్దో యుద్ధం అంటారు.

బ్రిటిష్ సేనాని అలెన్‌బీ ముందే ఒక ఎత్తు వేశాడు. జోర్డాన్ లోయలో గుడ్డలతో చేసిన బొమ్మ గుర్రాలను వేల సంఖ్యలో నిలబెట్టి, ఖాళీ గుడారాలు వేసి, దాడి అటువైపు నుంచే వస్తుందని నమ్మించాడు. అసలు బలగాన్ని మాత్రం రాత్రిళ్ళు నడిపించి సముద్రం ఒడ్డున దాచాడు. పదాతి దళం తీరంలో కంచె తెరవగానే అశ్వదళాలు అందులోంచి దూసుకుపోయాయి. ఒక్క రోజులోపే సుమారు 80 కిలోమీటర్లు పరుగెత్తి 20వ తేదీ పొద్దున్నే నజరేత్ పట్టణంలోకి చొరబడ్డాయి. అక్కడే ఉన్న జర్మన్ సేనాని లిమాన్ ఫాన్ సాండర్స్ త్రుటిలో తప్పించుకున్నాడు.

ఉస్మానీల మూడు సైన్యాలు, అంటే నాలుగు, ఏడు, ఎనిమిదో సైన్యాలు, చెల్లాచెదురయ్యాయి. ఏడో సైన్యానికి నాయకుడు ముస్తఫా కమాల్ పాషా. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

ఈ అశ్వదళాల్లో మనకు తెలిసిన పేర్లు రెండున్నాయి. ఒకటి హైదరాబాద్ కంటింజెంట్ నుంచి పుట్టిన 20వ దక్కన్ హార్స్. అది 1916లో ఫ్రాన్స్‌లో పోరాడి, 1918లో పలస్తీనాకు వచ్చింది. రెండోది నిజాం సొంత సైన్యానికి చెందిన హైదరాబాద్ లాన్సర్లు. వీళ్ళు జోధ్‌పూర్, మైసూర్ లాన్సర్లతో కలిసి 15వ ఇంపీరియల్ సర్వీస్ అశ్వ బ్రిగేడ్‌లో ఉండేవారు.

సెప్టెంబర్ 23: హైఫా

హైఫా ఓడరేవు పట్టణం. ఒక పక్క కార్మెల్ కొండ, మరో పక్క కిషోన్ నది, దాని చుట్టూ బురద. కొండ మీద ఫిరంగులు, కింద మెషిన్‌గన్లు. అలాంటి ఇరుకు దారిలో గుర్రాల మీద వెళ్ళడం మామూలు సాహసం కాదు. మైసూర్ లాన్సర్లు కొండ మీది ఫిరంగుల వైపు వెళ్ళారు. మధ్యాహ్నం జోధ్‌పూర్ లాన్సర్లు బల్లేలు పట్టుకుని పట్టణం మీదికి ఉరికారు. నది దగ్గర బురదలో గుర్రాలు కూరుకుపోతుంటే కొండ వైపు మళ్ళి, మెషిన్‌గన్ల మీదుగా పట్టణంలో దూరారు. వాళ్ళ నాయకుడు మేజర్ దల్‌పత్ సింగ్ అక్కడే ప్రాణం విడిచారు. సాయంత్రానికి 1,350 మంది ఖైదీలు, 17 ఫిరంగులు చిక్కాయి. దాడి చేసినవాళ్ళలో చనిపోయింది 8 మంది. గుర్రాలు మాత్రం 60 పోయాయి.

ఢిల్లీలో తీన్ మూర్తి చౌరస్తాలో నిలబడిన మూడు విగ్రహాలు ఈ బ్రిగేడ్‌వే. ఒకటి జోధ్‌పూర్, ఒకటి మైసూర్, ఒకటి హైదరాబాద్. 1922లో పెట్టారు. 2018లో ఆ చౌరస్తా పేరుకు హైఫా కూడా చేర్చారు.

మరి ఫార్వర్డుల సంగతేంటి?

మొదటి ఫార్వర్డు తప్పు. హైఫా మీద ఆ రోజు ఉరికింది జోధ్‌పూర్, మైసూర్ వాళ్ళు. హైదరాబాద్ లాన్సర్లది అదే బ్రిగేడ్, అదే దండయాత్ర. కానీ ఆ ఉరకడం వాళ్ళ ఖాతాలో వేయడం జోధ్‌పూర్ వాళ్ళకు అన్యాయం.

రెండో ఫార్వర్డు కూడా నిలవదు. హైదరాబాద్ లాన్సర్లు 1914లోనే ఈజిప్టు వెళ్ళారు. 1915 ఫిబ్రవరిలో ఉస్మానీ సైన్యం సూయజ్ కాలువ దాటబోయినప్పుడు వాళ్ళ బ్రిగేడ్ కాలువ కాపలాలో ఉంది. నాలుగేళ్ళు అదే శత్రువుకు ఎదురుగా గడిపింది. అంతేకాదు, పలస్తీనాలో, ఇరాక్‌లో పోరాడిన బ్రిటిష్ ఇండియా పటాలాల్లో ముస్లిం సిపాయిలు వేల సంఖ్యలో ఉన్నారు.

అలాగని అందరూ కళ్ళు మూసుకుని వెళ్ళారా అంటే, అదీ కాదు. 1915 ఫిబ్రవరిలో సింగపూర్‌లో 5వ లైట్ ఇన్‌ఫాంట్రీ ముస్లిం సిపాయిలు తిరగబడ్డారు. తమను తుర్కుల మీదికి పంపుతారన్న అనుమానం దానికి ఒక కారణం. ఆ తర్వాత నలభై మందికి పైగా సిపాయిలను గోడకు నిలబెట్టి జనం చూస్తుండగా కాల్చేశారు. 1916లో బస్రాలో 15వ లాన్సర్లు పవిత్ర స్థలాలున్న గడ్డ మీద పోరాడటానికి ఒప్పుకోలేదు. వాళ్ళకూ శిక్షలు పడ్డాయి.

అంటే ఒకే సంకటంలో ఉన్న మనుషులు మూడు రకాలుగా నడిచారు. కొందరు తిన్న ఉప్పుకు కట్టుబడ్డారు. కొందరు కాదన్నారు. చాలామంది ఇంటికి పంపే జీతం డబ్బుల గురించి ఆలోచించి, పైవాడి మీద భారం వేసి నడిచారు. ఎవరు గొప్ప, ఎవరు ద్రోహి అని ఫోన్‌లో ఒక్క ముక్కలో తేల్చేసే హక్కు మనకు లేదు. వాళ్ళ చెప్పుల్లో మనం నడవలేదు.

సెప్టెంబర్ 26 నుంచి 29: నాలుగు రోజులు, నాలుగు దెబ్బలు

ఫ్రాన్స్‌లో సెప్టెంబర్ 12న అమెరికా సైన్యం సెయింట్ మిహియెల్ దగ్గర తన మొదటి సొంత పెద్ద దాడి చేసి గెలిచింది. ఆ తర్వాత నెలాఖరులో మిత్రపక్షాలు వరసగా నాలుగు చోట్ల దాడి చేశాయి. 26న అమెరికా, ఫ్రెంచ్ సైన్యాలు మ్యూజ్-ఆర్గాన్‌లో. 27న బ్రిటిష్, కెనడా సైన్యాలు నార్ కాలువ దగ్గర. 28న బెల్జియంలో ఈప్రె దగ్గర. 29న సెయింట్ క్వెంటిన్ కాలువ దగ్గర. ఆ చివరి దాడిలో జర్మన్లు ఎవరూ దాటలేరనుకున్న హిండెన్‌బర్గ్ రేఖ తెగింది.

ఒక చోట దెబ్బ తగిలితే ఇంకోచోటి నుంచి సైన్యం తెచ్చి అడ్డం పెట్టవచ్చు. నాలుగు చోట్ల ఒకేసారి తగిలితే తేవడానికి ఎవరూ మిగలరు. పైగా బల్గేరియా కబురు కూడా అప్పుడే వచ్చింది. 28 సాయంత్రం జర్మన్ సేనాని లూడెన్‌డార్ఫ్ ఇక యుద్ధ విరమణ తప్ప దారి లేదని హిండెన్‌బర్గ్‌కు చెప్పాడు. మర్నాడు అదే మాట చక్రవర్తికి చేరింది. యుద్ధం ఇంకో ఆరు వారాలు సాగినా, దాని తీర్పు ఆ రెండు రోజుల్లోనే రాసేశారు.

అదే నెలలో ఇక్కడ

కోకాపేట టవర్ల పై అంతస్తుల నుంచి చూస్తే గండిపేట నీళ్ళు కనిపిస్తాయి. 1918లో ఆ ఉస్మాన్ సాగర్ కట్ట ఇంకా కడుతూనే ఉన్నారు. 1908 సెప్టెంబర్ 28న మూసీ వరద నగరాన్ని ముంచాక తలపెట్టిన పని అది. 1920లో పూర్తయింది. నిజాం పేరుతో జర్మనీ మీద విమానాలు ఎగురుతున్న రోజుల్లో, ఇక్కడ కూలీలు రాళ్ళు మోస్తున్నారన్నమాట.

యుద్ధం వంటింట్లోకి కూడా వచ్చింది. వెండి దొరక్క హైదరాబాద్ ప్రభుత్వం 1918లో మొదటిసారి కాగితం నోట్లు వేసింది. వాటి మీద ఉర్దూతో పాటు తెలుగులోనూ విలువ రాశారు. ఆ ఏడు వానలు మోసం చేశాయి, ధరలు పెరిగాయి. సెప్టెంబర్‌లోనే బొంబాయి వైపు నుంచి ఇన్‌ఫ్లుయెంజా రెండో విడత ముంచుకొచ్చింది. దక్కన్‌లో యుద్ధం కంటే ఆ జ్వరమే ఎక్కువ ఇళ్ళలో దీపాలు ఆర్పింది.

తర్వాత ఏమైంది?

అక్టోబర్ 1న దమాస్కస్, 26న అలెప్పో పోయాయి. 30న ఉస్మానీ ప్రభుత్వం లొంగిపోయింది. పలస్తీనాలో 1516లో మొదలైన ఉస్మానీ పాలన ముగిసి బ్రిటిష్ పాలన వచ్చింది. ఆ గడ్డ మీద ఇవాళ్టికీ ఆరని మంటకు ఆనాటి నిర్ణయాలతో సంబంధం ఉంది.

ఖలీఫాను కాపాడాలని 1919 నుంచి హిందుస్తాన్‌లో ఖిలాఫత్ ఉద్యమం లేచింది. గాంధీజీ, అలీ సోదరులు కలిసి నడిచారు. కానీ 1924 మార్చి 3న ఖిలాఫత్‌ను రద్దు చేసింది బ్రిటిష్ వారు కాదు, ముస్తఫా కమాల్ నడిపిన కొత్త తుర్కీ ప్రభుత్వం. దేశం విడిచి వెళ్ళిన చివరి ఖలీఫా అబ్దుల్ మజీద్‌కు నెలకు 300 పౌండ్లు పింఛను ఇచ్చి ఆదుకున్నది ఎవరో తెలుసా? మన నిజామే. 1931లో ఫ్రాన్స్‌లోని నీస్ పట్టణంలో ఖలీఫా కూతురు దుర్రూ షెహ్వార్‌తో నిజాం పెద్ద కొడుకు ఆజం జాహ్ నికాహ్ అయింది. ఉస్మానీ వంశానికే చెందిన నీలోఫర్‌ను చిన్న కొడుకు మొఅజ్జం జాహ్ చేసుకున్నారు.

ఖలీఫా సైన్యం మీదికి గుర్రాలు, విమానాలు పంపిన ఇంటికే పదమూడేళ్ళకు ఖలీఫా కూతురు కోడలిగా వచ్చింది. చరిత్ర ఇలాగే నడుస్తుంది. ఫార్వర్డు అంత తిన్నగా నడవదు.

మీ ఇంట్లో వెతకండి

మీ దాదా, నానాల కాలం పెట్టెల్లో పాత పతకం, పింఛను కాగితం, గుర్రపు దళం ఫొటో ఏదైనా ఉంటే పారేయకండి. పతకం అంచు మీద సాధారణంగా సిపాయి పేరు, నంబరు, పటాలం చెక్కి ఉంటాయి. భూతద్దం పెట్టి చూడండి. ఆ యుద్ధంలో చనిపోయినవాళ్ళ వివరాలు కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంస్థ దగ్గర వెతకవచ్చు. హైఫాలో హిందుస్తానీ సిపాయిలకు విడిగా శ్మశానమే ఉంది. ఇంట్లో పెద్దవాళ్ళు ఉంటే ముందు వాళ్ళను అడగండి, ఫోన్‌లో రికార్డు చేసుకోండి.

మా మేనకోడలు అంతా విని, "అయితే గ్రూపులో ఏం రాయాలి మామూ?" అంది. "హైఫా గెలిచింది జోధ్‌పూర్, మైసూర్ వాళ్ళు. మనవాళ్ళూ అదే యుద్ధంలో ఉన్నారు. వాళ్ళ మనసులో ఏముందో ఆ అల్లాహ్‌కే తెలుసు అని రాయి" అన్నాను. రాసింది. ఆ రోజు గ్రూపులో ఇంకెవరూ వాదించలేదు.