షేర్ల సంగతి మనకెందుకంటారా?

“ఆసుపత్రి బిల్లుకు గాజులు తాకట్టు పెట్టే మనకి షేర్ల గొడవెందుకండీ?” అంది మొయినాబాద్‌లో మా పక్కింటావిడ.

ఎందుకు కాదు? మన చేవెళ్ల నుంచి 2024లో గెలిచిన ఎంపీ కొండా విశ్వేశ్వర్ రెడ్డి గారు తనకూ, తన సతీమణికీ అపోలో ఆసుపత్రుల షేర్లున్నాయని నామినేషన్ అఫిడవిట్‌లోనే రాశారు. దాపరికమేమీ లేదు. సుప్రీంకోర్టు 2002 తీర్పు పుణ్యమా అని అభ్యర్థుల ఆస్తులు మనకు తెలుస్తున్నాయి.

అయితే ఆ కాగితం ఎన్నికలప్పటిదే. తర్వాత కొన్నవీ, అమ్మినవీ అందులో ఉండవు. అమెరికాలో 2012 చట్టం ప్రకారం సభ్యులు 45 రోజుల్లోగా వాటిని బయటపెట్టాలి.

పొలం తగాదా తీర్చే పెద్దమనిషి, ఆ సర్వే నంబర్లో తనకూ వాటా ఉంటే ముందే చెప్పాలిగా! ఆసుపత్రుల చట్టాలు చేసేవారూ అంతే. ఒకరి మీద అనుమానంతో కాదు, అందరికీ ఆ నియమం ఉండాలని అడుగుదాం.